నేల ఉసిరి నూరే ముందు

చి.సౌ. అమ్మాయికి, పెద్దమ్మ ఆశీస్సులు.

అల్లుడుగారికి కామెర్లొచ్చి కళ్లు పచ్చబడ్డాయని, మీ అత్తగారు పసరు పోయిద్దామంటున్నారని రాశావు. నేల ఉసిరి ఎలా ఇవ్వాలో చెబుతాను గానీ, ముందు బ్రాడీపేటలో ఏదైనా ల్యాబ్‌లో రక్తపరీక్ష చేయించు. కాలేయం ఎలా ఉందో చెప్పే బిలిరుబిన్, ఎస్‌జీపీటీ, కాలేయానికి పట్టే వైరస్‌లు హెపటైటిస్ ఎ, బి, సి, ఇ అన్నీ చూడమను. పొట్ట స్కానింగూ తీయించు. పిత్తాశయంలో రాయి జారి అడ్డుపడినా కళ్లు పచ్చబడతాయి, దానికి పసరేం చేస్తుంది?

నీళ్ల వల్ల వచ్చే ఎ, ఇ రకాలు చాలామందికి కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. ఈలోగా పసరు తాగినవాళ్లు పసరుతోనే తగ్గిందంటారు. నర్సు ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ చూసిందిదే. బి రకం అలా కాదు, కొందరిలో ఏళ్ల తరబడి లోపలే ఉండి కాలేయాన్ని పాడుచేస్తుంది. 1988లో మద్రాసు డాక్టర్లు నేల ఉసిరితో బి వైరస్ పోతోందని లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాస్తే మేమంతా సంబరపడ్డాం. తర్వాత వేరేచోట్ల చేసిన పరీక్షల్లో ఆ మాట నిలబడలేదు.

రిపోర్టులు చూసి డాక్టరు సరేనంటేనే ఇవ్వు. మీ మామగారు మిరపచేను గట్టు మీద నుంచి పీక్కొస్తానన్నారట, వద్దు. మన గుంటూరు మిరపకి ఎన్నిసార్లు మందు కొడతారో ఆయనకి నేను చెప్పాలా! మీ డాబా మీద పూలకుండీల్లో వానలకి దానంతటదే మొలుస్తుంది. ఆకుల కింద వరసగా నున్నటి చిన్న కాయలు, వాటికి సన్నటి తొడిమ ఉంటాయి. కాడ ఎర్రగా, కాయ గరుగ్గా, తొడిమ లేకుండా అతుక్కుని ఉంటే అది వేరే జాతి. వేళ్లతో సహా పీకి, మట్టి పోయేదాకా కడిగి మెత్తగా నూరి, ఉసిరికాయంత ముద్ద పుల్లగా లేని మజ్జిగలో కలిపి పరగడుపున ఇవ్వడం మన ఇళ్లలో అలవాటు. చేదుకి మొహం చిట్లిస్తారు, బతిమాలొద్దు. ఆయన షుగర్ మాత్రలు వేసుకుంటారు కదా, ఈ ఆకుతో షుగర్ ఇంకా పడిపోవచ్చు. ఆ సంగతి డాక్టరుకి చెప్పకుండా మొదలుపెట్టకు.

కళ్లల్లో పసరు వేసేవాళ్ల దగ్గరికీ, చేతిమీద వాత పెట్టేవాళ్ల దగ్గరికీ అస్సలు పంపకు. ఉప్పు, నూనె మానిపించి చప్పిడి పత్యంతో ఆయన్ని ఎండబెట్టకండి. అన్నం, పప్పు, పెరుగు తిననివ్వండి. మద్యం మాత్రం చుక్క ముట్టనివ్వొద్దు, పెళ్లిభోజనం ఉందన్నా సరే. జ్వరం మాత్రలు కూడా డాక్టరుని అడిగే వేయండి. మత్తుగా పడుకున్నా, మాట తడబడినా, వాంతులు ఆగకపోయినా తెల్లారేదాకా చూడొద్దు, వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లు.

రిపోర్టు రాగానే ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టు.

మీ పెద్దమ్మ