మా వంటగట్టు మీది కడప బండ, రసాయన శాస్త్రం

రసాయన శాస్త్రం అసలు దేన్ని అధ్యయనం చేస్తుంది, పరీక్షలు ముగిశాక దానితో మనకు పనేముంది అని మీరు అడిగారు. పదార్థం దేనితో తయారైంది, ఏ పరిస్థితుల్లో మరొక పదార్థంగా మారుతుంది, ఆ మార్పులో ఎంత వేడి పుడుతుంది లేదా ఖర్చవుతుంది అన్నవే ఆ శాస్త్రం వేసుకునే ప్రశ్నలు. బి.ఎస్సీ. చదివి, ఎర్రగుంట్ల దగ్గర ఒక సిమెంటు కర్మాగారపు ప్రయోగశాలలో పదకొండేళ్లుగా సున్నపురాయిని పరీక్షిస్తున్న నాకు ఇది సరిగ్గా బోధపడింది మాత్రం మా ఇంటి వంటగట్టు దగ్గరే.

ప్రొద్దుటూరులో ఇల్లు కట్టుకున్నప్పుడు వంటగట్టుకు నల్లటి కడప బండ వేయించి పాలిష్ పట్టించాము. ఒక ఉగాదికి ముందు, జిడ్డు వదలడం లేదని, బాత్రూము కడగడానికి అంగట్లో తెచ్చిన యాసిడ్‌ను నేనే దాని మీద పోశాను. బుసబుసమని నురుగు లేస్తుంటే మురికి పోతున్నదని సంబరపడ్డాను. కడిగి చూస్తే అరచేయంత మేర నలుపు పోయి, బండ బూడిదరంగులో గరుకుగా తేలింది. పగలంతా గాజుబీకర్లో చేసే పరీక్షనే ఇంట్లో చేసి తిట్లు తిన్నానన్నమాట. కడప బండలో ప్రధానంగా ఉండేది కాల్షియం కార్బనేట్. ఆ సీసాలోనిది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. రెండూ కలిస్తే నీటిలో కరిగే కాల్షియం క్లోరైడు, నీరు, బొగ్గుపులుసు వాయువు ఏర్పడతాయి. నేను చూసిన నురుగు ఆ వాయువుదే. జిడ్డు సంగతేమో గానీ, రాయి మాత్రం కరిగిపోయింది.

రాయిలో ఆ వాయువు వాటా తక్కువేమీ కాదు. స్వచ్ఛమైన సున్నపురాయిని 100 కిలోలు తీసుకుని 900 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో పూర్తిగా కాలిస్తే, 44 కిలోలు వాయువుగా వెళ్లిపోయి 56 కిలోల పొడిసున్నం మిగులుతుంది. కాల్చిన సున్నం తేలికయ్యేది ఈ వాయువు పోవడం వల్లనేనని స్కాట్లండుకు చెందిన జోసెఫ్ బ్లాక్ 1756లో ప్రచురించిన ప్రయోగాలలో తూచి చూపించారు; తక్కెడను నమ్ముకుని చేసిన ఆ పనంటే నాకు ప్రత్యేకమైన గౌరవం. పొడిసున్నంలో నీళ్లు పోస్తే కుతకుత ఉడుకుతుంది కనుకనే మా అవ్వ సున్నపు తొట్టి దగ్గరికి పిల్లలను రానిచ్చేది కాదు. గోడకు కొట్టిన ఆ సున్నం గాలిలోంచి అదే వాయువును పీల్చుకుని మెల్లగా మళ్లీ కాల్షియం కార్బనేట్ అవుతుంది.

మా బోరు నీళ్లదీ ఇదే కథ. వాన నీరు నేలలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకుని, కొద్దిపాటి ఆమ్లగుణంతో సున్నపురాయిని బైకార్బనేట్ రూపంలో కరిగించుకుంటుంది. కొలిమిగుండ్ల దగ్గర 3,229 మీటర్ల పొడవున్న బెలుం గుహలు ఈ కరుగుదలతో ఏర్పడినవే. ఆ నీటిని మరిగిస్తే వాయువు తప్పుకుని, కరిగిన రాయి కుక్కరు అడుగున తెల్లటి పెచ్చుగా కూర్చుంటుంది. సబ్బు నురగకు బదులు తెట్టు కడుతుంది. కందిబేడలు ఎంతసేపటికీ మెత్తబడవు, ఎందుకంటే నీటిలోని కాల్షియం బేడల కణగోడల్లో ఉండే జిగురులాంటి పెక్టిన్‌ను బిగించేస్తుంది. మా అమ్మకు పెక్టిన్ పేరు తెలియదు గానీ, పప్పుకు మాత్రం తీపినీళ్లు వేరుగా పట్టి ఉంచేది. ఒకసారి మా బోరు నీటిని ప్రయోగశాలకు తీసుకుపోయి, రంగుసూచిక వేసి, బ్యూరెట్ అనే కొలతగీతల గాజుగొట్టం నుంచి కాల్షియాన్ని పట్టుకునే ద్రావణాన్ని చుక్క చుక్కగా వదులుతూ నీటి ద్రాక్షరంగు నీలంగా మారేదాకా చూస్తే, కాఠిన్యం (నీటిలో కరిగిన కాల్షియం వంటి లవణాల మోతాదు) లీటరుకు 700 మిల్లీగ్రాములు దాటింది. తాగునీటికి భారతీయ ప్రమాణం 200. వేరే నీరు దొరకనప్పుడు 600 వరకు అనుమతిస్తుంది.

యాసిడ్ మాట వచ్చింది కనుక ఒక హెచ్చరిక: దాన్ని బ్లీచింగ్ పౌడరుతో ఎన్నడూ కలపకండి, ప్రాణాంతకమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది.

వంటగట్టు మీది ఆ గరుకు పోవాలంటే పై పొరను అరగదీసి మళ్లీ పాలిష్ పట్టాల్సిందేనని మేస్త్రి చెప్పాడు, ఇంకా చేయించలేదు. కుక్కరులోని పెచ్చును మాత్రం పిండేసిన నిమ్మచెక్కలు వేసి మరిగించి వదిలిస్తున్నాను. బండను తిన్నట్టే ఆమ్లం ఆ పెచ్చునూ తింటుంది, కాబట్టి ఆ నీళ్లను గట్టు మీద ఒలకనివ్వకుండా నేరుగా తొట్టిలో పారబోస్తాను.