శీతాకాలం గురించి రాయమని అడగకు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ కథా, దాంతోపాటు పిల్లల డైరీల కోసం తయారుచేసిన ప్రశ్నల జాబితా అందాయి. కథ సంగతి చివర్లో చెప్తాను, ముందు జాబితా. మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలతో రోజూ కాసేపు రాయించాలన్న ఆలోచన మంచిదే. కాలాన్ని బట్టి అంశం మార్చాలనుకోవడం ఇంకా మంచిది. కానీ నువ్వు రాసిన ప్రశ్నలు చూడు: "వర్షాకాలం గురించి రాయండి", "శీతాకాలంలో మనం ఏమి చేస్తాము?", "నాకు నచ్చిన పండుగ". వీటికి జవాబులు ఎప్పుడో గైడులో అచ్చయిపోయాయి. "మనకు మూడు కాలములు కలవు" అని మొదలుపెట్టి ఐదు వాక్యాలు నింపి నోటుబుక్కు నీ చేతిలో పెడతారు. పిల్లలకి రాయడమంటే ఇష్టం లేదని నువ్వు దిగులుపడతావు. వాళ్లు సొంతంగా రాసుకోవడానికి మనం ఏమీ మిగల్చకపోతే ఇష్టం ఎక్కణ్ణుంచి వస్తుంది?

కాలం పేరెత్తకుండా కాలం గురించి అడుగు. ఈ డిసెంబరులో నేనైతే ఇవి అడుగుతాను. పొద్దున నిన్ను ఎవరు లేపారు, ఏమని లేపారు? బడికొచ్చే దారిలో మంచులో ఏదో ఒకటి కనపడి, దగ్గరికెళ్లాక వేరేది అయిందా? నీళ్లు పోసుకోనని ఏ వంక చెప్పావు? ఇలాంటి వాటికి గైడు పనికిరాదు, పక్కవాడి నోటుబుక్కూ పనికిరాదు. జవాబు తెలిసినవాడు ఆ పిల్లాడొక్కడే. టీచరుకి తెలియనిది తను చెప్తున్నానన్న గర్వం ఉంది చూశావా, మొండి పిల్లల చేత కూడా పెన్సిలు పట్టించేది అదే.

మీది గోదావరి డెల్టా కాబట్టి ఇప్పుడు తేగల (తాటి మొలకల) రోజులు. ఒకరోజు నాలుగు కాల్చిన తేగలు తరగతికి పట్టుకెళ్లు. పిల్లల చేతే పొట్టు వలిపించు, నిలువునా చీల్పించు. లోపలుండే లేత ఆకు, అదే చందమామ, దానికోసం ఎలాగూ తగువు వస్తుంది, రానీ. తగువు చల్లారకముందే "చందమామ ఎవరికి దక్కింది? అది న్యాయమేనా?" అని బోర్డు మీద రాసి ఊరుకో. ఆ రోజు "ఎన్ని లైన్లు రాయాలి టీచర్?" అని ఎవరూ అడగరు. టెంకలు పాతర వేసిన తాత, కుండలో పెట్టి కాల్చిన నాయనమ్మ, టెంకలోని బుర్రగుంజు తిన్న తమ్ముడు అందరూ కాగితం మీదకి వస్తారు. వస్తువు చేతిలో ఉండగానే అడగాలి. వారం తర్వాత అడిగితే మళ్లీ "తేగలు ఆరోగ్యానికి మంచివి" అని రాస్తారు.

అందుకే నీ జాబితాలో మామిడిపండ్లు, రోహిణి కార్తె ఎండలు కొట్టేశాను. బడి ఏప్రిల్ చివర్లో మూసి జూన్ 12న తెరుస్తారు. ఆ కాలమంతా పిల్లలు నీ దగ్గర ఉండరు. ఎండాకాలానికి మార్చిలో ఒంటిపూట బడులు చాలు. "బడి వదిలాక ఎండ తగ్గేదాకా ఎక్కడున్నావు, ఎవరికి చెప్పకుండా వెళ్లావు?" అని అడిగి చూడు. జూన్‌లో తొలకరి ఉంటుంది, కొత్త పుస్తకాలు తడవకుండా ఎలా తెచ్చారో ఉంటుంది. మీ మెట్ట వైపు బంధువులున్న పిల్లలు తొలకరికి నేలమీద కనపడే ఎర్రటి ఆరుద్ర పురుగుల గురించి చెప్తారు. ఆకివీడు, కైకలూరు వైపు తిరిగే పిల్లలుంటే చలికాలంలో కొల్లేరు సరస్సుకి వచ్చే గూడబాతుల (పెలికాన్ పక్షుల) గురించి అడుగు.

పండుగల విషయంలో కాస్త జాగ్రత్త. "పండక్కి ఏం బట్టలు కొన్నారు?", "సెలవుల్లో ఏ ఊరు వెళ్లారు?" అని అడగొద్దు. ఏమీ కొననివాడు అబద్ధమన్నా రాస్తాడు, ఖాళీ కాగితమన్నా ఇస్తాడు. నీ తరగతిలో సగం ఇళ్లల్లో సంక్రాంతి, సగం ఇళ్లల్లో క్రిస్మస్ ఉండొచ్చు. అందరికీ సరిపడేలా "ఈ నెలలో రాత్రిపూట, తెల్లవారుజామున మీ వీధిలో ఏ చప్పుళ్లు వినపడుతున్నాయి?" అని అడుగు. ఒకరు ధనుర్మాసం మైకు అంటారు, ఒకరు క్యారల్స్ అంటారు, ఇంకొకరు వరికోత మిషను అంటారు. ఇటుక బట్టీల పనికి ఒడిశా నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలు మధ్యలో చేరితే, వాళ్లు వాళ్ల ఊరి చలి గురించి బొమ్మ వేసినా చాలు. పక్కన ఒక్క ముక్క తెలుగులో నువ్వు రాసిపెట్టు.

భోగి మాత్రం వదలకు. "మంటలో మీ ఇంట్లోంచి ఏం వేశారు? ఏది వెయ్యొద్దని ఎవరు గొడవ చేశారు?" సెలవుల ముందు ఈ ప్రశ్న ఇచ్చి, చూసి రమ్మను. తెరిచిన రోజే రాయించు.

ఎర్ర పెన్ను ఈ నోటుబుక్కుల దగ్గరికి రాకూడదు. "నీల్లు" అని రాసినా, "ఎల్లిపోయేడు" అని రాసినా అలాగే ఉండనీ. ఒత్తుల కోసం డిక్టేషన్ పీరియడ్ వేరే ఉంది కదా. పేజీ కింద నువ్వు రాయాల్సింది మార్కులూ కాదు, "గుడ్" కూడా కాదు, ఇంకో ప్రశ్న: "తర్వాత మీ తాత ఏమన్నాడు?" మర్నాడు జవాబు రాయడానికి పిల్లాడు నోటుబుక్కు వెతుక్కుంటాడు. ముప్పై నోటుబుక్కుల్లో రోజూ ఇలా రాయడం నీవల్ల కాదు. రోజుకి ఆరేడు చాలు, వారానికి అందరి వంతూ వస్తుంది.

వాళ్లు రాస్తున్నంతసేపూ నువ్వు హాజరు పట్టీ, భోజనాల లెక్క ముందేసుకుని కూర్చోకు. అదే ప్రశ్నకి నువ్వూ రాసి, నీదీ చదివి వినిపించు.

ఇక నీ కథ. అందులో తెల్లవారుజామున "హిమబిందువులు ముత్యాల్లా మెరిసాయి" అన్నావు. పిల్లలకి గైడు ఎలాగో నీకు ఆ వాక్యం అలాగ. ఆ పొద్దున మీ ఊళ్లో కుప్పనూర్పుల దుమ్ముంది, పొగమంచులో హారన్ కొట్టుకుంటూ వచ్చే పాలబండి ఉంది. కథలో రెండూ లేవు. నీ నాయిక చలికి ఏం కప్పుకుంది, అది ఎవరిది? ఇది రాసుకుంటే రెండో పేజీలో నువ్వు తంటాలు పడ్డ అక్కాచెల్లెళ్ల గొడవ దానంతటదే వస్తుందేమో చూడు.

కథ తిరగరాసి ఫిబ్రవరిలోపు పంపు. దాంతోపాటు పిల్లల భోగి పేజీలు రెండు మూడు, దిద్దకుండా ఫోటో తీసి పెట్టు. నేను అప్పటికి హైదరాబాద్‌లో మా అమ్మాయి దగ్గర ఉంటాను. వాట్సాప్ చాలు, అక్షరాలు పెద్దవి చేసుకుని చదువుకుంటాను.

ఇట్లు,
మీ మాస్టారు