మేకల రక్తం పాపాన్ని తీసేస్తుందా, లేదా?

మీరు బైబిల్ పాత నిబంధనలోని లేవీయకాండము 17:11 నుంచి నేరుగా కొత్త నిబంధనలోని హెబ్రీ పత్రిక (హెబ్రీయులకు రాసిన ఉత్తరం) 10:4కి దూకేశారు, చిక్కంతా అక్కడే. ఒకచోట రక్తం ప్రాయశ్చిత్తం చేస్తుందని, ఇంకోచోట ఎద్దుల, మేకల రక్తం పాపాలు తీసేయడం అసాధ్యమని ఉంటే రెంట్లో ఏది నిజమని టెన్షన్ పడుతున్నారు కదా, ఈ వరసలో చదవండి.

1. లేవీ 16. ఇది ఇశ్రాయేలీయుల ప్రాయశ్చిత్త దినం గురించి. రెండు మేకలుంటాయి. ఒకదాన్ని వధించి రక్తం కరుణాపీఠం (మందసమనే పవిత్రమైన పెట్టె మూత) మీద, దాని ఎదుట చిలకరిస్తారు. రెండోదాని తల మీద ప్రధాన యాజకుడు అహరోను రెండు చేతులూ ఉంచి ప్రజల పాపాలన్నీ ఒప్పుకున్నాక, దాన్ని ప్రాణంతోనే అరణ్యంలోకి పంపేస్తారు. 34వ వచనం ప్రకారం ఇది ఏడాదికోసారి, అంటే వచ్చే ఏడు మళ్లీ ఇదే.

2. హెబ్రీ 9:13, 14. దాదాపు అందరూ దాటేసేది ఇదే, దయచేసి ఇక్కడ ఆగండి. ఆ రక్తం వట్టిదని పత్రిక రాసినాయన అనడం లేదు. అది శరీరాన్ని శుద్ధి చేస్తుందని ఒప్పుకునే, క్రీస్తు రక్తం మనస్సాక్షిని ఇంకెంతగా శుద్ధి చేస్తుందో కదా అంటాడు. దేవుణ్ణి ఆరాధించే గుడారం దగ్గరికి రావడానికి తగినవాడవడం వేరు, లోపల పొడిచే తప్పు పోవడం వేరు. నేనూ ఈ తేడా పట్టుకోలేక చాలాకాలం తిప్పలు పడ్డాను.

3. ఇప్పుడు 10:1-4 చదివితే గొడవ ఉండదు. ఏటేటా బలి పాపాన్ని గుర్తుచేస్తుంది, తీసేయదు.

4. మరి పాత నిబంధనవాళ్లకి, అంటే క్రీస్తుకు ముందు బతికినవాళ్లకి, క్షమాపణ ఎలా అంటే, రోమా 3:25. దేవుడు ఓర్చుకుని ఆ పాపాలను అప్పటికి ఉపేక్షించాడు, లెక్క సిలువ దగ్గర తేలింది.