ఇన్ని కప్పులు తెచ్చిన సిమియోనే మీద అట్లెటికో అభిమానులు కొందరికి అసంతృప్తి ఎందుకు?

2011 డిసెంబరులో సిమియోనే కోచ్‌గా వచ్చేసరికి స్పెయిన్ ఫుట్‌బాల్ క్లబ్ అట్లెటికో మాడ్రిడ్ ఆ దేశపు లీగ్ గెలిచి పదిహేనేళ్లు దాటింది. 2014లో చివరి మ్యాచ్‌కి బార్సిలోనా మైదానానికి వెళ్లి, డిఫెండర్ గోడిన్ తలతో కొట్టిన గోల్‌తో 1-1 డ్రా చేసుకుని టైటిల్ పట్టుకొచ్చారు. 2021లో మళ్లీ గెలిచారు. మొదట్లో నలుగురేసి రెండు వరసల్లో గోల్ ముందు కాపు కాస్తుంటే చాలామంది మురిసిపోయారు. రియల్ మాడ్రిడ్, బార్సిలోనా క్లబ్బులంత డబ్బు వీళ్లకి లేదు కదా!

తర్వాత పరిస్థితి మారింది. 2019లో జొవావ్ ఫెలిక్స్ అనే ఆటగాడొక్కడి కోసమే 12 కోట్ల యూరోలకు పైగా పెట్టారు. అలాంటి జట్టు కూడా ఒక గోల్ కొట్టగానే వెనక్కి తగ్గి, మిగతా సమయమంతా టెన్షన్ పెడితే చూసేవాళ్లకు ఒళ్లు మండుతుంది. ఆ కోపం న్యాయమే. కానీ ఆయన్ని పంపించేయడానికి అదొక్కటే చాలదని నా అభిప్రాయం.