కరెంటు పోయి వస్తే కెమెరా పాస్‌వర్డ్ ఎందుకు మర్చిపోవాలి?

ప్రశ్న: కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ మా వైఫై కెమెరా, రెండు స్మార్ట్ బల్బులు మళ్లీ మొదటి నుంచి సెటప్ చేయమంటున్నాయి. రౌటర్‌కి యూపీఎస్ పెడితే సరిపోతుందా?

జవాబు: ఇదే ఫిర్యాదుతో వరసగా ఉత్తరాలు వస్తున్నాయి కాబట్టి ఈసారి వివరంగా రాస్తున్నాను.

యూపీఎస్ సంగతి తొందరగా తేల్చేద్దాం. రౌటర్ అడాప్టర్ మీద ఉన్న అంకెలు చూడండి, చాలావాటి మీద 12 వోల్టులు అని ఉంటుంది, అదే వోల్టేజీ ఇచ్చే చిన్న డీసీ యూపీఎస్ చాలు. ఫైబర్ కనెక్షన్‌కి విడిగా ఓఎన్‌టీ బాక్సు (ఫైబర్ తీగ వచ్చి చేరే చిన్న పెట్టె) ఉంటే దానికీ బ్యాకప్ ఇవ్వాలి, లేకపోతే రౌటర్ లైట్లు వెలుగుతాయి గానీ నెట్ రాదు. పవర్ బ్యాంకుతోనూ నడపచ్చు. 10,000 ఎంఏహెచ్ అంటే సుమారు 37 వాట్ అవర్లు, 8 వాట్ల రౌటర్‌కి నష్టాలు పోను మూడు గంటలు వస్తుంది. కాకపోతే 12 వోల్టులకి పెంచే కేబుల్ కావాలి, పైగా చాలా పవర్ బ్యాంకులు ఛార్జర్ పెట్టినప్పుడు, తీసినప్పుడు ఒక్క క్షణం సప్లై ఆపేస్తాయి, రౌటర్ రీస్టార్ట్ అవడానికి ఆ క్షణం చాలు.

అసలు రోగం వేరే ఉంది. చాలా స్మార్ట్ బల్బులకి రీసెట్ బటన్ ఉండదు, స్విచ్‌ని వెంటవెంటనే కొన్నిసార్లు ఆన్ ఆఫ్ చేస్తే అన్నీ మర్చిపోయేలా తయారుచేశారు. కరెంటు నిలబడేముందు రెండు మూడు సార్లు వచ్చి పోతుందని ఇది డిజైన్ చేసినవాళ్లకి తట్టలేదా? మా ఇంట్లో ఒక రాత్రి అలాగే వచ్చి పోయి వచ్చింది, లేచి చూస్తే బల్బు టపటపా కొట్టుకుంటోంది, ఫోన్ తీస్తే పాస్‌వర్డ్ లేని కొత్త వైఫై ఒకటి లిస్టులో కనిపిస్తోంది. అది మా బల్బు తెరిచిన సెటప్ నెట్‌వర్క్. రేంజ్‌లో ఉన్న ఎవరైనా దానికి కనెక్ట్ అవ్వచ్చు.

కెమెరా కథ ఇంకాస్త వేరు. అది అర నిమిషంలో లేస్తుంది, రౌటర్‌కి రెండు మూడు నిమిషాలు పడుతుంది. వైఫై కనపడకపోతే కాసేపాగి మళ్లీ వెతకాలి కదా, నాసిరకంవి ఆ ఓపిక లేకుండా సెటప్ మోడ్‌లోకి వెళ్లిపోతాయి. మీది అలాంటిదే అయితే రౌటర్‌కి యూపీఎస్ పెట్టడం నిజంగానే పనికొస్తుంది, బల్బులకి మాత్రం కాదు.

నాకు టెన్షన్ పెట్టేది ఇక్కడే. మొదటిసారి సెటప్ చేసినప్పుడు కొందరైనా గట్టి పాస్‌వర్డ్ పెడతారు. నాలుగోసారి, చీకట్లోంచి బయటపడిన చిరాకులో, బాక్సు మీద ఉన్నదే ఉంచేసి "తర్వాత మారుద్దాంలే" అంటారు. ఆ తర్వాత ఎప్పటికీ రాదు. 2016లో మిరాయ్ అనే మాల్వేర్ వాడుకున్నది ఇదే, 60కి పైగా ఫ్యాక్టరీ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ జతలు వరసగా ప్రయత్నించి కెమెరాల్లో, రౌటర్లలో దూరింది. ఆ ఏడాది అక్టోబరు 21న అలా చిక్కిన పరికరాలతో డైన్ (Dyn) అనే డీఎన్ఎస్ సంస్థ (సైట్ పేరు కొడితే దాని అడ్రస్ వెతికిపెట్టే సేవ ఇచ్చేది) మీద దాడి చేస్తే ట్విట్టర్ లాంటి పెద్ద సైట్లు గంటల తరబడి చాలామందికి తెరుచుకోలేదు. మిరాయ్ మెమరీలోనే ఉండేది, కరెంటు పోతే తుడిచిపెట్టుకుపోయేది. కానీ పాస్‌వర్డ్ మార్చకపోతే కరెంటు వచ్చిన కొన్ని నిమిషాల్లోనే మళ్లీ ఎక్కేది.

కాబట్టి ఇలా చేయండి. కరెంటు పోగానే స్మార్ట్ బల్బుల స్విచ్‌లు ఆపేయండి, కెమెరా ప్లగ్ పీకేయండి. కరెంటు వచ్చాక ఒక ఐదు నిమిషాలు నిలకడగా ఉంటేనే ముందు రౌటర్, నెట్ వచ్చాక మిగతావి. వోల్టేజీ ఎగిరినా ఇవి బతుకుతాయి. రౌటర్ సెట్టింగుల్లో యూపీఎన్‌పీ ఆపేయండి, కెమెరా తనంతట తాను బయటి ఇంటర్నెట్‌కి తలుపు తీయకుండా ఉంటుంది. కెమెరా, బల్బులు గెస్ట్ నెట్‌వర్క్‌లో పెడితే మరీ మంచిది, మీ లాప్‌టాప్ జోలికి రాలేవు. ఫర్మ్‌వేర్ (పరికరం లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ సగంలో కరెంటు పోతే పరికరం చచ్చిపోయే ప్రమాదం ఉంది, ఆటోమేటిక్ అప్‌డేట్ మాత్రం ఆపకండి, రౌటర్ యూపీఎస్ మీద ఉంటే కనీసం దానికి ఆ ప్రమాదం తగ్గుతుంది.

బల్బు యాప్‌లో "కరెంటు వచ్చాక పాత స్థితికి రావాలి" అనే ఆప్షన్, స్విచ్‌తో రీసెట్ అవడాన్ని ఆపే ఆప్షన్ ఉన్నాయేమో వెతకండి. రెండోది లేకపోతే, వాపసు గడువు ఇంకా మిగిలి ఉంటే, తిరిగిచ్చేయండి.