మొహానికి రంగెందుకు?

ప్రశ్న: అక్కా, మాది హనుమకొండ. కాలేజీలో కొంతమందిమి కలిసి పాడుతుంటాం. ఈసారి అమెరికా నల్లజాతి వాళ్ళ పాటలతో పబ్లిక్ గార్డెన్‌లో ప్రోగ్రాం పెడదామనుకున్నాం. ఇంట్లోనేమో 'మన పాటలు లేవా' అంటున్నారు, సీనియర్లేమో మొహానికి నల్లరంగు పూసుకుంటే అదిరిపోతుందంటున్నారు. ఒకటే టెన్షన్. ఏం చేయమంటారు?

జవాబు: చెల్లె, ముందు ఆ రంగు డబ్బా అవతల పడెయ్యి. 19వ శతాబ్దంలో అమెరికాలో తెల్లవాళ్ళు మొహానికి మసి పూసుకుని నల్లవాళ్ళను వెక్కిరిస్తూ మిన్‌స్ట్రెల్ షోలు ఆడేవాళ్ళు, జనం టికెట్లు కొని మరీ నవ్వేవాళ్ళు. మీ సీనియర్లకు ఇది తెలిసి ఉండదు. చెప్పు, మానుకుంటారు.

ఆ షోలు నడుస్తున్న రోజుల్లోనే, 1871 అక్టోబరులో, అమెరికాలోని నాష్‌విల్‌లో నల్లవాళ్ళ చదువు కోసం పెట్టిన ఫిస్క్ విద్యాసంస్థ అప్పులతో మూతపడేలా ఉంటే తొమ్మిది మంది స్టూడెంట్లు పాడి డబ్బు తెస్తామని ఊళ్ళు పట్టుకుని బయల్దేరారు. వాళ్ళలో ఎక్కువమంది బానిసత్వంలో పుట్టినవాళ్ళే. మొదట్లో తెల్లవాళ్ళ పాటలే ఎక్కువ పాడారు, ఎందుకంటే అమ్మానాన్నలు ప్రార్థనల్లో పాడుకున్న పాటలను బయటివాళ్ళ ముందు పెట్టడానికి వాళ్ళకు మనసొప్పలేదు. ఒబర్లిన్ అనే ఊళ్ళో పాస్టర్ల సభలో చివరికి ఆ పాటలే ఎత్తుకున్నారు, అక్కడి నుంచి కథ మారింది. 1873లో ఇంగ్లండ్‌లో విక్టోరియా రాణి కూడా విన్నది. పాటల డబ్బుతో ఫిస్క్‌లో కట్టిన జూబిలీ హాల్ ఇప్పటికీ ఉంది.

ఇంట్లోవాళ్ళను బడిలో 'హోంగే కామ్‌యాబ్' పాడారా అని అడుగు. నల్లవాళ్ళు హక్కుల కోసం రోడ్డెక్కినప్పుడు పాడిన 'వి షల్ ఓవర్‌కమ్' పాటనే కవి గిరిజాకుమార్ మాథుర్ హిందీలోకి తెచ్చారు.

ఇక పాడటం అంటావా, ఈ పాటల్లో చాలావాటికి ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్ళు అందుకోవాలి, బతుకమ్మ దగ్గర 'ఉయ్యాలో' అందుకున్నట్టే. మీ అమ్మాయిలకు అది కొత్తగా నేర్పక్కర్లేదు. అమెరికా యాస మాత్రం అనుకరించొద్దు, అది కూడా వెక్కిరింపులాగే వినిపిస్తది. 'స్వింగ్ లో, స్వీట్ చారియట్' పాడేముందు, జోర్డాన్ నది దాటి ఇంటికి తీసుకుపోయే రథం గురించిన పాట ఇదని తెలుగులో చెప్పండి, చెప్పకపోతే వెనక కూర్చున్నవాళ్ళు ఫోన్లు చూసుకుంటారు. ఆరుబయట గొంతులు గాలికి పోతాయి కాబట్టి దగ్గరదగ్గరగా నిలబడి, తలా ఒక మైకు కాకుండా ముందు రెండు స్టాండు మైకులు పెట్టించుకోండి. డీజే వాళ్ళు ఎకో పెడతామంటే వద్దనండి.