ఎవరు అడిగారో కూడా రాయమ్మా

శ్రీకాకుళం

అమ్మా,

మన జిల్లాల్లో మతం, కులం గురించి నువ్వు రాస్తున్న పుస్తకం రాతప్రతి అందింది. మూడో అధ్యాయం దగ్గర ఆగిపోయాను. కోపం తగ్గాక జవాబు రాద్దామనుకున్నాను గానీ, అది తగ్గేలా లేదు.

ఆ అధ్యాయంలో మొదటి పేజీలన్నీ అస్తిత్వం గురించి ఫ్రెంచి వాళ్ళేమన్నారు, అమెరికా వాళ్ళేమన్నారు అన్నదే. ఆ తర్వాత 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులు 1.34 శాతం అని చెప్పి ఒక రంగుల చక్రం గీశావు. దాని కింద, చిన్న అక్షరాల ఫుట్‌నోట్‌లో ఒక ముసలమ్మ కనిపించింది. "మీదే మతం?" అని నువ్వడిగితే, "కాయితం మీద మతమా, ఇంట్లో మతమా? నీకేది కావాలేటి?" అని ఎదురడిగింది. చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. నువ్వు ఇంత లావు పుస్తకంలో వెతుకుతున్నది ఆవిడ ఒక్క మాటలో అడిగేసింది. అలాంటి మనిషిని తీసుకెళ్ళి పేజీ అడుగున పడేశావు!

ఆవిడ మాట దాటేద్దామని అలా అనలేదు. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు మూడో పేరా చదువు. హిందువులు కానివాళ్ళని ఎస్సీలుగా గుర్తించేది లేదంది. 1956లో సిక్కులని, 1990లో బౌద్ధులని చేర్చారు. క్రైస్తవులు, ముస్లింలు ఇప్పటికీ బయటే ఉన్నారు. మన రాష్ట్రంలో ఎస్సీ కులాల నుంచి క్రైస్తవంలోకి వెళ్ళినవాళ్ళు వెనకబడిన తరగతుల్లో బీసీ-సి అనే వర్గం కిందికి వస్తారు, వాళ్ళకి ఒక శాతం రిజర్వేషన్. అదే ఎస్టీలకైతే ఈ మతం షరతు లేదు. సీతంపేట కొండల్లో సవర గిరిజన కుటుంబం బాప్తిస్మం తీసుకున్నా ఎస్టీగానే ఉంటుంది. కొండ దిగి పాలకొండ వైపు వస్తే, అదే బాప్తిస్మంతో ఒక దళిత కుటుంబం ఎస్సీ హోదా పోగొట్టుకుంటుంది. చర్చికి వెళ్ళినంత మాత్రాన ఊళ్ళో వాళ్ళని చూసే చూపు మారిందా? మారలేదని నీ రెండో అధ్యాయంలో నువ్వే చూపించావు, బాగా చూపించావు. ఎస్సీ హోదాని మతంతో ముడిపెట్టొద్దని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే చెప్పింది. ఇదే విషయం చూడమని 2022లో జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్‌ని వేశారు. ఆ ముసలమ్మకి రెండు జవాబులు నేర్పింది ఈ ఉత్తర్వే. నీ పుస్తకంలో దానికి దక్కినవి రెండే వాక్యాలు.

మతం మీద గానీ కులం మీద గానీ ఏ లెక్క ఇచ్చినా దాని పక్కనే మూడు విషయాలుండాలి. ఎవరు అడిగారు, దేనికి అడిగారు, నిజం చెబితే చెప్పినవాళ్ళకి ఏం పోతుంది. ఇవి లేని అంకెని నేను నమ్మను. నువ్వూ నమ్మకు.

ఇదేమీ నేను కనిపెట్టింది కాదు. మన విజయనగరంలో గురజాడ 1897లో కన్యాశుల్కానికి ఇంగ్లీషులో రాసిన ముందుమాట తీసి చూడు. విశాఖపట్నం జిల్లాలో జరిగిన బ్రాహ్మణ శుల్క వివాహాల జాబితా ఒకటి మహారాజావారు తయారుచేయించారు. అందులో మూడేళ్ళకి 1,034 పెళ్ళిళ్ళు తేలాయి, సగటున ఏడాదికి 344. ఐదేళ్ళకే పెళ్ళయిన పిల్లలు 99 మంది, ఏడాది వయసు పసికందులు ముగ్గురు. ఆ పసివాళ్ళ వెల తలకి 350 నుంచి 400 రూపాయలు. ఈ అంకెలు చెప్పకముందే గురజాడ ఒక మాట రాశారు. ఈ జాబితా పూర్తిది కాదు, పిల్లనిచ్చి డబ్బు పుచ్చుకున్నామని ఒప్పుకోడానికి ఎవరూ ఇష్టపడరు కదా అని. అంకె ముందు ఆ మాట ఉంది కాబట్టే ఇవాళ్టికీ ఆ అంకెకి బలం. నీ 1.34 ముందు ఏముంది? రంగులు.

నేను వయసులో ఉన్నప్పుడు భూమి కాగితాల కోసం ఒక మండలాఫీసు చుట్టూ తిరిగేవాణ్ణి. వరండాలో ఒకావిడ, పక్కన పదో తరగతి పాసైన కొడుకు, వాడి కుల పత్రం కోసం వచ్చారు. లోపల్నుంచి పిలుపు రాగానే కొంగు ముడి విప్పి, బొట్టుబిళ్ళల అట్ట తీసి, ఒకటి నుదుట పెట్టుకుని లోపలికెళ్ళింది. బయటికొచ్చాక ఆ బిళ్ళ తీసి వరండా స్తంభానికి అంటించింది. ఆ స్తంభానికి అప్పటికే ఎర్రవీ మెరూన్‌వీ బోలెడు బిళ్ళలున్నాయి. ఆ రాత్రే కూర్చుని వ్యాసం రాశాను. ఒక పేరున్న పత్రిక సంపాదకుడు దాన్ని తిప్పి పంపుతూ, "ఇది కథల శీర్షికకి పంపండి, వ్యాసానికి డేటా కావాలి" అన్నాడు. ఆ స్తంభానికి మించిన డేటా ఏముంటుందమ్మా? తర్వాత అదే పత్రికలో సబాల్టర్న్, హెజిమనీ అంటూ సిద్ధాంతాలు పేజీలకి పేజీలు వేశారు. వాటిలో మన జిల్లాల మనిషి ఒక్కడు నోరు విప్పి మాట్లాడిన వాక్యం లేదు. ఆ ఫ్యాషన్ నీదాకా వచ్చినందుకే నా బాధ. సిద్ధాంతాలు చదవొద్దని నేననను. చదివి, అర్థం చేసుకుని, పక్కన పెట్టి ఊళ్ళోకి వెళ్ళు. ఆ సిద్ధాంతాలు రాసినవాళ్ళ పేర్లు పుస్తకం చివర వేస్తే చాలు.

సవర గ్రామాల్లో బడి మాస్టారిని దుబాసీగా పెట్టుకున్నానని రాశావు. ఆయన మంచివాడే కావచ్చు. కానీ ఆ ఊరివాళ్ళకి ఆయన సర్కారు మనిషి. ఆయన ఎదురుగా దేవుడి గురించి ఏం చెబుతారో, వెనక ఏం చెబుతారో నీకు తెలిసే వీలు లేదు. గిడుగు రామమూర్తిగారు సవరల మధ్య పనిచెయ్యాలనుకున్నప్పుడు ముందు సవర భాష నేర్చుకున్నారు, తర్వాత వాళ్ళ కోసం బడులు పెట్టారు. నువ్వు అంత చెయ్యకపోయినా, ఒక వేసవంతా అక్కడ ఉండు. సంతకి వెళ్ళు, చావుకి వెళ్ళు. ఎవరిని కాల్చారు, ఎవరిని పూడ్చారు, ఎవరొచ్చి పాట పాడారు అనేది చూడు.

ముందుమాట ఏ ప్రొఫెసర్‌గారి చేత రాయించాలని అడిగావు. ఎవరి చేతా వద్దు. తెలుగులో వెయ్యాలా ఇంగ్లీషులోనా అన్నది తర్వాత చూద్దాం.

ఊళ్ళోకి వెళ్ళమని ఇప్పుడే ఎందుకంటున్నానంటే, 2027 జనగణనలో అన్ని కులాలూ రాసుకోబోతున్నారు. అన్ని కులాల లెక్కలూ చివరిసారి అచ్చయింది 1931లో. ఇప్పుడు ఇంటింటికీ వచ్చే ఎన్యూమరేటర్ ముందు జనం ఏం ఆలోచించుకుని ఏం చెబుతారో దగ్గరుండి చూసి రాసేవాళ్ళు కావాలి. ఆ పని నువ్వు చెయ్యగలవు. ఆ ముసలమ్మ నీతో అంత మాట అందంటే నిన్ను నమ్మింది.

అసలు సంగతి ఇప్పుడు చెబుతున్నాను. ఇదే నన్ను నిద్రపోనివ్వలేదు. ఆవిడ ఊరి పేరు, మండలం, ఇల్లు చర్చికి ఎటువైపో, మనవడు ఏ ఉద్యోగంలో చేరాడో అన్నీ రాసేశావు, ఫొటోతో సహా. కుల ధ్రువీకరణ పత్రాన్ని విచారించి రద్దు చేసే అధికారం 1993 చట్టం కలెక్టరుకి ఇచ్చింది. ఆ కుర్రాడంటే గిట్టనివాడు నీ పేజీ జిరాక్స్ తీసి అర్జీకి జతచేస్తే చాలు, ఉద్యోగం ఊడుతుంది. ప్రామాణికత కోసం ఊరి పేరు ఉండాల్సిందేనని నన్నూ ఒక ప్రచురణకర్త పట్టుబట్టాడు. పుస్తకం వెనక్కి తీసుకుని, అప్పు చేసి సొంతంగా వేసుకున్నాను. ఈరోజే ఆ పేరూ ఇల్లూ ఉద్యోగం మార్చెయ్యి, ఫొటో తీసెయ్యి. ఈ ప్రతిని ఇంకా ఎవరెవరికి పంపావో వాళ్ళందరికీ ఫోన్ చేసి వెనక్కి తెప్పించుకో. అది అయ్యేదాకా ఏ పబ్లిషరుకీ పంపకు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు